మా బియ్యంలో తవుడు ఉండనివ్వండి

(రెండు తెలుగు రాష్ట్రాల పౌరసరఫరాల శాఖ మంత్రులకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రివర్యులకు,



ఆరోగ్యం గురించిన ఉత్తరం వైద్యశాఖకు కాక మీకెందుకు రాస్తున్నారని మీరు అడగవచ్చు. డాక్టరు దగ్గరికి మనిషి జబ్బు చేశాక వెళతాడు. మీ రేషన్ షాపుకు నెలనెలా వస్తాడు. అక్కడ కాటా మీద తూచి సంచిలో పోసే బియ్యంతోనే లక్షల ఇళ్లలో పొద్దుటి చద్దన్నం, మధ్యాహ్నం భోజనం, రాత్రి కంచం నడుస్తున్నాయి. సంక్షేమ హాస్టళ్లకు, బడిలో మధ్యాహ్న భోజనానికి, అంగన్‌వాడీలకు వెళ్లేదీ ఆ బియ్యమే. ఈ రెండు రాష్ట్రాల ప్రజల కడుపులోకి ఏం వెళ్లాలో మీ శాఖ నిర్ణయించినంతగా మరే శాఖా నిర్ణయించదు. అందుకే ఈ లేఖ మీకు.

నేను మాట్లాడదలచుకున్నది పీచు గురించి. ప్రోటీన్ గురించి ఈమధ్య అందరూ మాట్లాడుతున్నారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కోసం రేషన్ బియ్యంలో ఫోర్టిఫైడ్ గింజలు కలిపారు. పీచు ఊసెత్తేవాళ్లు మాత్రం తక్కువ. అది లేకపోతే వెంటనే ఎవరూ పడిపోరు, కళ్లు తిరగవు. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత షుగరుగా, గుండెజబ్బుగా, పెద్దపేగు క్యాన్సరుగా బయటపడుతుంది. అప్పటికి దాన్ని కంచంతో ముడిపెట్టి చూసేవాళ్లు ఉండరు.

ధాన్యం మిల్లుకు చేరాక ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఈ లేఖ పాఠకులూ చదువుతారు కనుక రాస్తున్నాను. మొదట ఊక ఊడుతుంది. అప్పుడు వచ్చేది ముడిబియ్యం; లేత గోధుమరంగులో ఉంటుంది. రోకళ్లతో దంచిన కాలంలో తవుడు కొంత రాలినా చాలావరకు గింజను అంటిపెట్టుకునే ఉండేది. మిల్లులో అలా కాదు. పాలిష్ యంత్రాల్లో గింజను ఒకటికి రెండుసార్లు రుద్ది, తవుడు పొరనంతా తీసేసి, గింజ కొసన ఉండే మొలకను కూడా రాల్చేసి, తెల్లగా మెరిసేలా చేసి సంచుల్లో నింపుతారు. ఆ తవుడు నూనె తీసే ఫ్యాక్టరీలకు వెళ్తుంది. నూనె తీయగా మిగిలింది పశువుల దాణాకు, కోళ్ల దాణాకు పోతుంది. బియ్యంలోని పీచులోనూ, బి విటమిన్లలోనూ పెద్ద భాగం అక్కడే మనల్ని వదిలిపోతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాముల ముడిబియ్యంలో సుమారు 4.4 గ్రాముల పీచు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 2.8 గ్రాములకు పడిపోతుంది. అదే 100 గ్రాముల జొన్నల్లో 10.2, రాగుల్లో 11.2, సజ్జల్లో 11.5 గ్రాములు ఉంటుంది. ఈ నాలుగైదు అంకెలూ మనసులో పెట్టుకుని మిగతా లేఖ చదవాలని నా విన్నపం.

మనిషికి ఎంత కావాలి? రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి దాదాపు 30 గ్రాముల పీచు ఉండాలని మన పోషకాహార నిపుణుల లెక్క. పెద్దవాళ్లకు కనీసం 25 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 21 గ్రాములు, పదేళ్లు నిండినవాళ్లకు పెద్దవాళ్లతో సమానంగా 25 గ్రాములు కావాలని అదే సలహాలో ఉంది. ఇప్పుడు మన ఇళ్లు చూడండి. రోజుకు 400 గ్రాముల తెల్లబియ్యం వండుకుని తినే మనిషికి అన్నం నుంచి 11 గ్రాములు వస్తుంది. 30 గ్రాముల కందిపప్పు నుంచి మూడు గ్రాముల లోపు. 100 గ్రాముల కూర తింటే మరో మూడు గ్రాములు. అన్నీ కలిపినా 17 దాటదు. అది కూడా కూర వండుకున్న రోజు లెక్క. కూలికి వెళ్లి వచ్చే ఇంట్లో కూర లేని రోజులెన్నో ఉంటాయి. పచ్చడి, చారు, మజ్జిగతో భోజనం ముగుస్తుంది. గుడ్డు, కోడికూర, చేప కలిస్తే ప్రోటీన్ వస్తుంది, అది కావాలి కూడా. కానీ వాటిలో పీచు సున్నా. అది గింజల నుంచి, పప్పుల నుంచి, ఆకుల నుంచి, కాయల నుంచి, పండ్ల నుంచి మాత్రమే రావాలి.

పీచు అంటే మన జీర్ణరసాలు అరిగించలేని భాగం. అరగదు కనుక పనికిరాదని వైద్యశాస్త్రం కూడా చాలాకాలం అనుకుంది. ఆ అభిప్రాయం మారడానికి కారణమైనవాళ్లలో ముఖ్యుడు డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్. ఆయన దాదాపు 20 ఏళ్లు ఉగాండాలో పనిచేశాడు. బ్రిటన్ ఆసుపత్రుల్లో రోజూ కనిపించే అపెండిసైటిస్, మొలలు, పెద్దపేగు క్యాన్సర్ వంటివి ఉగాండా పల్లెల్లో అరుదుగా కనిపించడం ఆయన్ని ఆలోచనలో పడేసింది. తిన్నది శరీరంలోంచి బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆయన, సహచరులు కొలిచి 1972లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఉగాండా పల్లె జనంలో సగటున 36 గంటలు పట్టింది. తెల్లరొట్టె, మాంసం తినే బ్రిటిష్ నౌకాదళం వాళ్లలో 83 గంటలు పట్టింది. మలం గురించి ఇంత శ్రద్ధగా కొలతలు తీసుకున్నందుకు ఆయన్ని చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. తర్వాతి యాభై ఏళ్ల పరిశోధన చాలావరకు ఆయన చూపిన దారిలోనే నడిచింది.

మనం అరిగించలేని ఆ పీచును పెద్దపేగులో కోట్లానుకోట్ల సూక్ష్మజీవులు తింటాయి. తిని పులియబెట్టి కొన్ని చిన్న కొవ్వు ఆమ్లాలను వదులుతాయి. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఆహారం. ఆ పొరను గట్టిగా ఉంచడంలో, వాపును అదుపు చేయడంలో దానిది పెద్ద పాత్ర. పీచు అందకపోతే ఆ సూక్ష్మజీవులకు తిండి కరువవుతుంది. 2015లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. అమెరికాలోని 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకు దక్షిణాఫ్రికా పల్లెల తిండి పెట్టారు: పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ. దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మందికి అమెరికా తిండి పెట్టారు. రెండు వారాలే. ఆ కొద్దికాలంలోనే అమెరికన్ల పేగుల్లో బ్యూటిరేట్ పెరిగింది, పేగు పొరలో వాపు గుర్తులు తగ్గాయి. దక్షిణాఫ్రికా వాళ్లలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. ఈ ప్రయోగంలో నాకు ఆశ కలిగించే సంగతి ఆ రెండు వారాలే. ఏళ్ల తరబడి తప్పుగా తిన్న పేగు కూడా సరైన తిండి అందగానే అంత త్వరగా స్పందిస్తుంది.

షుగరు సంగతి వేరుగా చెప్పాలి, మన రాష్ట్రాల్లో అది లేని వీధి లేదు కనుక. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. మరో 13 కోట్లకు పైగా మంది దాని అంచున ఉన్నారు. జిగురుగా ఉండే పీచు కడుపులో నీటిని పట్టుకుని చిక్కబడుతుంది. తిన్న పిండి నెమ్మదిగా కరుగుతుంది. చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా చేరుతుంది. ఈ విషయం మీద 1970లలో డేవిడ్ జెంకిన్స్ అనే శాస్త్రవేత్త చేసిన తొలి పరిశోధనల్లో వాడిన ప్రధాన పదార్థం గ్వార్ గమ్. అది మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసేదే. మెంతులతో షుగరు తగ్గడం మీద తార్నాక సంస్థ శాస్త్రవేత్తలు 1990 నాటికే పరిశోధన పత్రాలు ప్రచురించారు. అంటే ఈ విద్య మనకు దూరదేశాల నుంచి రావాల్సిన పనిలేదు.

బియ్యం మీదనే నేరుగా చేసిన పనీ ఉంది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, బరువు ఎక్కువగా ఉన్నవాళ్లకు తెల్లన్నం బదులు ముడిబియ్యం అన్నం పెడితే రోజు మొత్తం మీద రక్తంలో చక్కెర పెరుగుదల సుమారు 20 శాతం తగ్గింది. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే కనుక దాన్ని అంతిమ తీర్పుగా తీసుకోమని నేను చెప్పను. కానీ 21 దేశాల్లో లక్షా ముప్పై వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో ప్రచురించిన ప్యూర్ అధ్యయనం కూడా ఇటే చూపిస్తోంది. రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవాళ్లలో షుగరు ఎక్కువగా వచ్చింది. ఆ సంబంధం అన్నిటికంటే బలంగా కనిపించింది దక్షిణాసియాలో. వండిన అన్నం 450 గ్రాములంటే మన పొలం పనివాళ్లు ఒక్క పూటలో తినేస్తారు.

ఇక గుండె. పీచు పేగులో పైత్యరసాన్ని తనతో పట్టుకుపోతుంది. కాలేయం మళ్లీ పైత్యరసం తయారు చేసుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. చెడ్డ కొలెస్ట్రాల్ ఆమేరకు తగ్గుతుంది. ఇవన్నీ కలిపి చూస్తే ఎంత మేలు అన్నదానికి 2019 జనవరిలో లాన్సెట్ ప్రచురించిన సమీక్ష జవాబు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 185 దీర్ఘకాల పరిశీలనలను, 58 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. పీచు బాగా తినేవాళ్లలో, తక్కువ తినేవాళ్లతో పోలిస్తే మరణాలు, గుండెజబ్బు, పక్షవాతం, రెండో రకం మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ 15 నుంచి 30 శాతం తక్కువగా ఉన్నాయి. రోజుకు 25 నుంచి 29 గ్రాములు తినేవాళ్లలో మేలు బాగా కనిపించింది. ఇంత చవకగా ఇన్ని జబ్బులను దూరం పెట్టే మందు ఏ కంపెనీ తయారు చేయలేదు.

పాలిష్ బియ్యం గురించి తెలుగు నేలకు ఒక పాత పాఠం ఉంది. మీ అధికారుల్లో అది గుర్తున్నవాళ్లు ఉన్నారో లేదో కానీ చెప్పి తీరాలి. ఆంగ్లేయుల కాలంలో ఉత్తర సర్కారు (నేటి కోస్తా) జిల్లాల్లో బెరిబెరి రోగం పట్టి పీడించింది. కాళ్లు చచ్చుబడటం, ఒళ్లు వాయడం, చివరికి గుండె ఆగిపోవడం. కారణం మిల్లుల్లో తెల్లగా పట్టిన పచ్చిబియ్యం. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడం వల్ల ఆ రోగం వచ్చేది. వడ్లు ఉడకబెట్టి ఎండబెట్టి పట్టిన ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అది అంతగా కనిపించలేదు, ఉడికేటప్పుడు విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కనుక. ఆ రోగం గుట్టు తేల్చడానికే 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. దాని పేరే బెరిబెరి విచారణ విభాగం. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చి, ఆ తర్వాత నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. పాలిష్ బియ్యం చేసిన చేటును పరిశోధించడానికే పుట్టిన సంస్థ తెలంగాణ సచివాలయానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. వాళ్లు 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ మన కంచంలో ధాన్యం వాటా తగ్గి, పప్పులు, కూరగాయలు, పండ్లు పెరగాలనీ, మరీ పాలిష్ పట్టని గింజలు తినాలనీ రాశారు. బెరిబెరి ఇప్పుడు దాదాపు లేదు. ఆ తవుడుతో పోయిన పీచు మాత్రం ఏ ఫోర్టిఫైడ్ గింజతోనూ తిరిగి రాలేదు.

మీ వైపు నుంచి రాగల మాట నాకు తెలుసు. పేదవాళ్లు ఇప్పుడిప్పుడే తెల్లన్నం తింటుంటే మళ్లీ ముతక తిండికి పొమ్మంటారా అని. ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. మెట్ట ప్రాంతాల్లో, తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో వరి అన్నం పండగనాటి తిండిగా ఉండేది. రోజువారీ బతుకు జొన్న గటక మీద, అంబలి మీద, రాగి సంకటి మీద నడిచేది. అందుకే 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం అంతమంది గుండెలకు హత్తుకుంది. తెల్లన్నం కడుపుకే కాదు, మర్యాదకు కూడా సంబంధించింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తుంటే, ఊళ్లలో జనం సంతోషించింది కూడా అందుకే. దొడ్డుబియ్యం తినలేక సగం ధరకు అమ్ముకున్న ఇళ్లు ఇప్పుడు ఆ బియ్యం వండుకుంటున్నాయి. ఆ మంచిని తీసేయమని నేను అడగటం లేదు.

నేను అడుగుతున్నది వేరు. గింజ సన్నమా దొడ్డా అన్నది విత్తనం సంగతి. పీచు ఉంటుందా పోతుందా అన్నది పాలిష్ సంగతి. సన్నబియ్యాన్ని కూడా ఒక్క పాలిష్‌తో ఆపవచ్చు. మెతుకు సన్నగానే ఉంటుంది, రంగు కాస్త గోధుమ వన్నె తిరుగుతుంది, ఉడకడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, ముందు నానబెడితే అదీ తగ్గుతుంది. ఇక మర్యాద అంటారా, హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలో దంపుడు బియ్యం ధర చూడండి. తెల్లబియ్యం కంటే ఎక్కువ పెట్టి కొంటున్నారు స్తోమత ఉన్నవాళ్లు. డాక్టరు చెప్పాక జొన్నరొట్టె కోసం సాయంత్రాలు రోడ్డు పక్కన బండ్ల ముందు నిలబడుతున్నారు. డబ్బున్నవాళ్లు ఆరోగ్యం కోసం కొనుక్కుంటున్న తిండి పేదవాళ్లకు మాత్రం అవమానం ఎలా అవుతుంది?

ఆరు కిలోల లెక్క ఒకసారి వేద్దాం. నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అంతా తెల్లబియ్యమైతే దాని నుంచి వచ్చే పీచు 5.6 గ్రాములు. అందులో రెండు కిలోలు తీసి జొన్నలు ఇచ్చారనుకోండి. మిగిలిన నాలుగు కిలోల తెల్లబియ్యంతో కలిపి రోజుకు పదిన్నర గ్రాములు వస్తుంది. దాదాపు రెట్టింపు. ఆ నాలుగు కిలోలు ముడిబియ్యమైతే 12 గ్రాములు దాటుతుంది. అదనంగా ఒక్క కిలో కూడా ఇవ్వక్కర్లేదు. సంచి బరువు అంతే. జొన్నలు, రాగులు పొట్టుతో సహా పిండి పట్టించుకునేవి కనుక పీచు ఎక్కడికీ పోదు. కొర్రలు, సామలు, అరికెల సంగతి అలా కాదు. వాటికి పొట్టు తీయక తప్పదు, తీసేటప్పుడు మిల్లువాళ్లు తెల్లగా కనబడాలని పాలిష్ కూడా పట్టేస్తున్నారు. చిరుధాన్యాలన్న పేరు చూసి అలాంటివి రేషన్‌లో పెడితే ఖర్చు పెరుగుతుంది, ఫలితం ఉండదు. జొన్నలు, రాగులు, సజ్జలతో మొదలుపెట్టడమే మేలు.

చట్టం అడ్డు రాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టంలోనే బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి. కర్ణాటక చౌకధరల దుకాణాల్లో రాగులు, జొన్నలు ఇస్తోంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి గిరిజన జిల్లాల రైతుల దగ్గర రాగులు కొని రేషన్‌లో పంచింది, అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టింది. మన దగ్గరా అనుభవం లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, చాలావరకు దళిత స్త్రీలవి, 1990లలోనే బీడు పడ్డ భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, పేద ఇళ్లకు పంచే సొంత రేషన్ నడిపాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది. చదువు రాని ఆ స్త్రీలు నడిపిన పనిని మన ప్రభుత్వాలు నడపలేకపోవడానికి నాకు కారణం కనబడదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023లో రాగిజావ మొదలైంది, రేషన్‌లో కొంత బియ్యం బదులు రాగులు ఇచ్చే ప్రయత్నమూ జరిగింది. ప్రభుత్వాలు మారినప్పుడు పథకాల పేర్లు మారతాయి; రాగులు మాత్రం ఆగకూడదు.

ముడిబియ్యానికి ఒక నిజమైన ఇబ్బంది ఉంది. తవుడులో నూనె ఉంటుంది. ఊక తీశాక ఆ నూనె చెడడం మొదలై, కొన్ని నెలల్లో బియ్యం ముక్కిన వాసన వేస్తుంది. గోదాముల్లో నెలల తరబడి ఉండే బియ్యానికి ఇది కుదరదు. ముక్కిన బియ్యం ఇచ్చి ఆరోగ్యానికి మంచిదని చెబితే జనం ఆ మాటను మళ్లీ పదేళ్లు నమ్మరు. కనుక ధాన్యాన్ని ధాన్యంగానే నిల్వ ఉంచి, ఏ నెలకు కావాల్సింది ఆ నెల దగ్గరి మిల్లులో పట్టించి, వారాల్లో షాపుకు చేర్చే ఏర్పాటు కావాలి. రెండోది మిల్లర్ల లెక్క. క్వింటాల్ ధాన్యానికి రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ రైస్ అయితే 68 కిలోలు అప్పగించాలన్నది నేటి పద్ధతి. తవుడు మిల్లరుకే మిగులుతుంది, అతని ఆదాయంలో అది ముఖ్యం. పాలిష్ తగ్గిస్తే క్వింటాల్‌కు వచ్చే బియ్యం పెరుగుతుంది, మిల్లరుకు తవుడు తగ్గుతుంది. ప్రభుత్వానికి మిగిలే ఆ అదనపు బియ్యం విలువలోంచి మిల్లింగ్ చార్జీ పెంచి ఇస్తే వాళ్లూ ఒప్పుకుంటారు. వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా ఉత్తర్వు ఇస్తే కాగితం మీద ఒక్క పాలిష్, సంచిలో పాత పాలిష్ వస్తుంది.

అందుకే మొత్తం రాష్ట్రంలో ఒకేసారి మొదలుపెట్టమని నేను అనను. బడుల కంటే ముందు హాస్టళ్లతో మొదలుపెట్టండి. బడి మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు పెట్టాలని నియమం. ఆ కూర పూర్తిగా పళ్లెంలోకి వస్తే దాదాపు ఆరు గ్రాముల పీచు వస్తుంది. ఒక పూటకు అది మరీ తక్కువేమీ కాదు. హాస్టల్ పిల్లల సంగతి వేరు. వాళ్లు మూడు పూటలూ ప్రభుత్వం పెట్టిందే తింటారు. ఇంటికి వెళ్లి జామకాయ కోసుకుని తినే వీలు వాళ్లకు లేదు. పొద్దున ఉప్మా లేదా కిచిడీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, రాత్రి అన్నం, సాంబారు. మలబద్ధకంతో కడుపునొప్పని నర్సు దగ్గరికి వచ్చే పిల్లలు ఎంతమందో ఏ హాస్టల్ వార్డెన్‌ను అడిగినా చెబుతారు. ఆడపిల్లల హాస్టళ్లలో ఇంకో సంగతి ఉంది. మరుగుదొడ్లు సరిగా లేనిచోట పిల్లలు నీళ్లు తాగడం తగ్గించేస్తారు, వెళ్లాల్సి వచ్చినా ఆపుకుంటారు. నీళ్లు తాగకుండా పీచు తింటే మేలు బదులు బాధ పెరుగుతుంది. తిండి మార్చేటప్పుడు ఆ మరుగుదొడ్లూ, తాగునీళ్లూ చూడమని సంబంధిత శాఖకు మీరే చెప్పాలి.

పప్పుల దగ్గర ఇంత కష్టం లేదు. టెండరులో ఒక్క పదం మారిస్తే చాలు. 100 గ్రాముల చాయ పెసరపప్పులో 9 గ్రాముల పీచు ఉంటే, పొట్టుతో ఉన్న పెసల్లో 17 ఉంటుంది. సెనగపప్పులో 15, సెనగల్లో 25. చాయ మినపప్పులో 12, పొట్టుతో ఉన్న మినుముల్లో 20. ఉప్మా బదులు వారానికి రెండు రోజులు పొట్టు పెసలతో పెసరట్టు వేయించండి. గోదావరి జిల్లాల్లో దానికి ఎవరూ వంక పెట్టరు. సాయంత్రం బిస్కెట్లకు బదులు గుగ్గిళ్లు పెట్టండి. తెలంగాణలో గుడాలంటే పిల్లలకు ఇష్టమే. జొన్నరొట్టె చేయడం వంటవాళ్లకు చేతనవును, మందికి సరిపడా చేయాలంటే మనుషులు కావాలి, కనుక ఆ జీతాలు బడ్జెట్‌లో కనబడాలి. గోంగూర, తోటకూర, మునగాకు, చిక్కుడు, గోరుచిక్కుడు కాలానికి తగ్గట్టు దగ్గరి రైతుల దగ్గరే కొనవచ్చు.

జాగ్రత్తలు రెండు మూడు ఉన్నాయి. అలవాటు లేని కడుపుకు ఒక్కరోజులో పీచు రెట్టింపు చేస్తే గ్యాస్, ఉబ్బరం వస్తాయి, పిల్లలు ఆ తిండినే అసహ్యించుకుంటారు. వారానికి కొంతగా, నాలుగైదు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, పేగు ఇరుకైన వాళ్లు డాక్టరును అడిగి తినాలి. అన్నిటికంటే ముఖ్యం, పీచు ఎక్కువని డబ్బా మీద రాసుకున్న బిస్కెట్లు, పొడులు ఎవరైనా హాస్టళ్లకు సరఫరా చేస్తామని ముందుకొస్తే దయచేసి తిరగ్గొట్టండి. వాటిలో కలిపే కాస్త పీచుకు తోడు మైదా, చక్కెర, పామాయిల్ కూడా పిల్లల కడుపులోకి పోతాయి.

మంత్రివర్యులారా, మిమ్మల్ని అడిగేవి ఇవి. మీ రెండు రాష్ట్రాల్లో చెరో రెండు జిల్లాలు ఎంచుకోండి. అక్కడి హాస్టళ్లన్నిటికీ ఒక్క పాలిష్ సన్నబియ్యం, పొట్టు పప్పులు, వారంలో కనీసం మూడు పూటలు జొన్న లేదా రాగి ఇవ్వండి. పాలిష్ ఎంతవరకు అన్నది మిల్లింగ్ ఒప్పందంలో అంకెతో రాయించి, గోదాము దగ్గరే శాంపిళ్లు పరీక్ష చేయించండి. తార్నాక సంస్థ శాస్త్రవేత్తలను పిలిచి, పిల్లల ఆరోగ్యం ఏడాదిపాటు చూసి ఫలితాలు బయటపెట్టమనండి. రేషన్ షాపులో కార్డుదారు తన కోటాలో రెండు కిలోల బియ్యం బదులు జొన్నలో రాగులో కావాలంటే తీసుకునే వీలు కల్పించండి. బలవంతం వద్దు, అడిగినవాళ్లకు దొరికితే చాలు. ఆ జొన్నలకు, రాగులకు మద్దతు ధర ఇచ్చి మన మెట్ట రైతుల దగ్గరే కొనండి.

ఖరీఫ్ ధాన్యం మిల్లులకు చేరేలోగా మిల్లింగ్ ఒప్పందాలు రాస్తారు. ఆ ఒప్పందాలు ఖరారు కాకముందే ఈ విషయం మీద మీ అధికారులతో ఒక్కసారి కూర్చోండి. పాలిష్ పరిమితి ఒక అంకెగా ఈ సీజన్ ఒప్పందంలోనే చేర్చమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఆరోగ్య విషయాలు రాసే ఒక పాత్రికేయుడు